కోడ్ రాయకుండా కోడింగ్ పజిళ్లు: నైమ్‌లో పరిష్కరించడం ఎలా?

మార్కెట్ యార్డులో తూకం చీటీలు కూడే గుమస్తాలు, రోజంతా ఎక్సెల్ ముందు కూర్చునే బ్యాంకు ఉద్యోగులు, బీకాం చదివి ప్రోగ్రామింగ్ మన వల్ల కాదని పక్కకు తప్పుకున్నవారు కర్నూలులో నాకు చాలామంది తెలుసు. ఈ వ్యాసం వారి కోసమే. పట్టికలో అడ్డు వరుస ఏదో, నిలువు వరుస ఏదో తెలిసి, రెండు పట్టికలను పోల్చి తేడా పట్టగలిగితే చాలు. ప్రోగ్రామర్లు కుస్తీ పట్టే పజిళ్లలో చాలావాటిని నైమ్ (KNIME) అనే ప్రోగ్రాంతో మీరూ విప్పగలరు.

ముందు పజిళ్ల సంగతి. ఎరిక్ వాస్ట్ల్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 2015 నుంచి ఏటా డిసెంబరులో అడ్వెంట్ ఆఫ్ కోడ్ అనే పజిళ్ల వెబ్‌సైటు నడుపుతున్నారు. 2024 వరకు 1వ తేదీ నుంచి 25 వరకు రోజుకొక పజిల్ వచ్చేది. 2025లో వాటిని 12కు తగ్గించారు. అమెరికా తూర్పు తీరంలో అర్ధరాత్రి దాటగానే కొత్తది తెరుచుకుంటుంది. అంటే మనకు ఉదయం 10:30. ఉద్యోగస్తులకు అది ఏమాత్రం కుదిరే వేళ కాదు. అయినా బెంగ లేదు, పాత సంవత్సరాల పజిళ్లన్నీ అక్కడే ఉచితంగా ఉంటాయి, సాయంత్రం తీరిగ్గా చేసుకోవచ్చు. దాదాపు ప్రతి పజిల్‌కూ రెండు భాగాలు. మొదటిది సరిగ్గా చేస్తేనే రెండోది కనిపిస్తుంది. లాగిన్ అయ్యాక మీకంటూ ఒక డేటా ఇస్తారు, పక్కవారిది వేరుగా ఉండవచ్చు. చివరికి వారు అడిగేది ఒక్క జవాబు మాత్రమే, చాలాసార్లు ఒక అంకె. దాన్ని ఏ భాషలో, ఏ పనిముట్టుతో సాధించారో ఎవరూ అడగరు. కోడ్ రానివారు లోపలికి వెళ్లే దారి అదే.

పనిముట్టుగా నేను నైమ్‌నే సూచిస్తాను. జర్మనీలోని కాన్‌స్టాన్జ్ విశ్వవిద్యాలయంలో 2004లో దీని తయారీ మొదలైంది, 2006లో మొదటి విడుదల వచ్చింది. డెస్క్‌టాప్ ప్రోగ్రాం ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకుంటే తర్వాత ఇంటర్నెట్ లేకపోయినా పని ఆగదు. ఇలాంటివి డబ్బు పెట్టి కొనేవీ ఉన్నాయి, ఆల్టెరిక్స్ వాటిలో పేరున్నది. పజిళ్ల కోసం ఎవరూ అంత ఖర్చు పెట్టనక్కర్లేదు.

నైమ్‌లో పని ఇలా జరుగుతుంది. ఒక్కో పనికి ఒక్కో పెట్టె ఉంటుంది, దాన్ని నోడ్ అంటారు. ఎడమవైపు నుంచి పట్టిక లోపలికి వస్తుంది, కుడివైపు నుంచి మారిన పట్టిక బయటికి వెళ్తుంది. నోడ్లను గీతలతో కలుపుకుంటూ పోతే అదే వర్క్‌ఫ్లో. ప్రతి నోడ్ కింద ట్రాఫిక్ సిగ్నల్ లాంటి దీపం ఉంటుంది: ఎరుపు అంటే ఇంకా అమర్చలేదు, పసుపు అంటే నడపడానికి సిద్ధం, ఆకుపచ్చ అంటే పని పూర్తయింది. నడపడానికి ఎఫ్7 నొక్కండి. ఆకుపచ్చ వెలిగిన ఏ నోడ్ మీద నొక్కినా ఆ క్షణానికి పట్టిక ఎలా ఉందో కింద కనిపిస్తుంది. నా దృష్టిలో దీని అసలు విలువ అక్కడే ఉంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కొత్తగా రాసేవారు మధ్యలో ఏం జరుగుతోందో తెలియక తల పట్టుకుంటారు. ఇక్కడ ప్రతి మెట్టూ కళ్లెదుట ఉంటుంది.

మొదట ఉదాహరణ, తర్వాతే అసలు డేటా

ప్రతి పజిల్‌లోనూ ఒక చిన్న ఉదాహరణ, దాని జవాబు ఇస్తారు. టేబుల్ క్రియేటర్ నోడ్ తెచ్చుకొని ఆ ఉదాహరణను అందులో వేయండి. మీ అసలు డేటాను టెక్స్ట్ ఫైలుగా దాచుకొని, లైన్ రీడర్ నోడ్‌తో చదివించండి. రెండింటినీ పైనా కిందా పెట్టుకొని, నిలువు వరుసకు రెండింటిలోనూ ఒకే పేరు ఇవ్వండి. ఉదాహరణతో జవాబు సరిపోయాక గీతను తీసి అసలు డేటాకు కలిపితే సరి, మిగతా వర్క్‌ఫ్లో ముట్టుకోనక్కర్లేదు.

కామాలతో విడదీసిన ఫైళ్లను చదివే సీఎస్‌వీ రీడర్ అనే నోడ్ కూడా ఉంది. అది ఎందుకు వద్దంటున్నానంటే, దానికి తెలివి కాస్త ఎక్కువ. కామా కనిపిస్తే విడగొడుతుంది, 007 కనిపిస్తే 7 చేస్తుంది. లైన్ రీడర్ ఏదీ ముట్టుకోకుండా ఒక్కో వరుసను ఉన్నది ఉన్నట్లు ఇస్తుంది. దానిలో ఖాళీ వరుసలను వదిలేసే ఎంపిక ఒకటి ఉంటుంది. అది ఆపి ఉందో లేదో చూసుకోండి. ఈ పజిళ్లలో ఖాళీ వరుస కూడా సమాచారమే.

ఖాళీ వరుసలతో గుంపులు కట్టడం

2022 మొదటి రోజు పజిల్ ఇలాంటిదే. దాన్ని మన ఉల్లి యార్డులోకి తెచ్చుకుందాం. ఒక్కో రైతు బస్తాల బరువులు వరుసగా రాసి, రైతుకూ రైతుకూ మధ్య ఒక వరుస ఖాళీ వదిలారనుకోండి: 48, 51, ఖాళీ, 50, 47, 52, ఖాళీ, 49. ఎవరి సరుకు అందరికన్నా ఎక్కువ?

మనిషైతే పైనుంచి కిందికి కూడుకుంటూ పోయి, ఖాళీ రాగానే మొత్తం రాసుకొని మళ్లీ సున్నా నుంచి మొదలుపెడతాడు. నైమ్‌లో అలా ఆలోచించకండి. ప్రతి వరుసకూ ‘ఇది ఎవరిది?’ అన్న గుర్తు ఒకటి తగిలించండి, కూడిక దానంతట అదే అవుతుంది. రూల్ ఇంజిన్ నోడ్‌లో ఖాళీ అయితే 1, లేకపోతే 0 అని రాయండి. తర్వాత మూవింగ్ అగ్రిగేషన్ నోడ్‌లో సంచిత గణన (పైవన్నీ కలుపుకుంటూ లెక్కించడం) ఎంపికను టిక్ చేసి, ఆ నిలువు వరుసకు కూడిక అడగండి. ఇప్పుడు గుర్తులు 0, 0, 1, 1, 1, 1, 2, 2 అని వస్తాయి. మొదటి రైతు 0, రెండోవారు 1, మూడోవారు 2. ఖాళీ వరుసలను రో ఫిల్టర్‌తో తీసేయండి. లైన్ రీడర్ ఇచ్చిన బరువులు ఇంకా అక్షరాల రూపంలోనే ఉంటాయి కాబట్టి స్ట్రింగ్ టు నంబర్ నోడ్‌తో అంకెలుగా మార్చండి. చివర గ్రూప్‌బైలో గుర్తు ప్రకారం బరువులు కూడితే 99, 149, 49. రెండో భాగంలో అందరికన్నా ఎక్కువ ఉన్న ముగ్గురి మొత్తం అడుగుతారు. సార్టర్‌తో పెద్దది పైకి తెచ్చి, పై మూడు ఉంచి కూడితే అయిపోతుంది.

‘గుర్తు తగిలించి గుంపు కట్టు’ అన్న ఈ ఒక్క ఎత్తుగడ పట్టుబడితే మిగతావాటిలో చాలాభాగం దానికి చుట్టాలే.

పై వరుసను పక్కకు తెచ్చుకోవడం

2021 మొదటి పజిల్ సముద్రపు లోతుల గురించి: ముందు కొలతకన్నా పెరిగినవి ఎన్ని? 2009 అక్టోబరు వరదలు చూసిన కర్నూలువాసులకు తుంగభద్ర నీటిమట్టం అంటే వేరే చెప్పనక్కర్లేదు కాబట్టి, నదినే ఉదాహరణగా తీసుకుందాం. ఊహించి వేసిన ఎనిమిది కొలతలు ఇవి: 41, 42, 42, 44, 43, 45, 48, 47. ఎన్నిసార్లు పెరిగింది?

లాగ్ కాలమ్ నోడ్ పెట్టండి. అది పై వరుసలోని అంకెను కింది వరుస పక్కకు తెస్తుంది: 42 పక్కన 41, రెండో 42 పక్కన 42, 44 పక్కన 42... మొదటి వరుసకు పైన ఏమీ లేదు కాబట్టి అక్కడ ఖాళీ పడుతుంది. ఆ అసంపూర్ణ వరుసను వదిలేయమనే టిక్ ఆ నోడ్‌లోనే ఉంది, పెట్టేయండి. తర్వాత రూల్ ఇంజిన్‌లో ఇప్పటిది పాతదానికన్నా ఎక్కువైతే 1, లేకపోతే 0. గ్రూప్‌బైలో మొత్తం కూడితే 4. లెక్కపెట్టి చూసుకోండి: 42, 44, 45, 48.

రెండో భాగం మెలిక పెడుతుంది. ఒక్కో కొలతను కాదు, వరుసగా మూడు కొలతల మొత్తాలను పోల్చాలి. మన అంకెల్లో ఆ మొత్తాలు 125, 128, 129, 132, 136, 140. పెరుగుదలలు 5. ఇందుకు మళ్లీ మూవింగ్ అగ్రిగేషన్ తెచ్చి, మూడేసి కూడి, ఆ తర్వాత లాగ్ కాలమ్ పెట్టవచ్చు. తప్పేమీ కాదు. కానీ కాగితం మీద ఒకసారి రాసి చూడండి. మొదటి మొత్తంలో 41, 42, 42 ఉన్నాయి. రెండో దానిలో 42, 42, 44. మధ్య రెండు అంకెలు రెండింటిలోనూ ఉన్నాయి కాబట్టి పోలికలో కొట్టుకుపోతాయి. మిగిలింది 41కీ 44కీ పోలిక. అంటే ప్రతి అంకెనూ మూడు వరుసల పైనున్న దానితో పోల్చితే చాలు. లాగ్ కాలమ్‌లో అంతరం 1 ఉన్నచోట 3 చేయండి, మిగతా వర్క్‌ఫ్లో అలాగే ఉంచి నడపండి. 5 వస్తుంది. రెండో భాగం చూసి హడావిడిగా కొత్త నోడ్లు లాగేవారికి ఇలాంటి సులువులు కనిపించవు. పెన్ను, కాగితం పక్కన పెట్టుకోమని నేను పదేపదే పోరేది అందుకే.

పొడవాటి మాటను అక్షరాలుగా విడగొట్టడం

2015లో వచ్చిన మొట్టమొదటి పజిల్‌లో ఒకే పొడవాటి వరుస ఉంటుంది, నిండా బ్రాకెట్లే. తెరిచే బ్రాకెట్టు వస్తే ఒక అంతస్తు పైకి, మూసేది వస్తే ఒకటి కిందికి. చివరికి ఏ అంతస్తులో ఉంటారు అన్నది మొదటి ప్రశ్న, మొదటిసారి నేలకింది అంతస్తులోకి ఎన్నో అక్షరం దగ్గర దిగుతారు అన్నది రెండోది.

అక్షరాలను విడగొట్టే నోడ్ అంటూ వెతక్కండి, ఇలా చేయండి. స్ట్రింగ్ మానిప్యులేషన్ నోడ్‌లో రెజెక్స్ రీప్లేస్ (ఒక నమూనాకు సరిపోయినచోటల్లా మార్పు చేసే ఫంక్షన్) వాడి ప్రతి అక్షరం వెనకా ఒక కామా పెట్టించండి. తర్వాత సెల్ స్ప్లిటర్‌లో కామా దగ్గర కోయమనండి. ఇక్కడ ఫలితాన్ని జాబితాగా ఇమ్మని అడగాలి. కొత్త నిలువు వరుసలుగా అడిగారో, వేల అక్షరాలకు వేల నిలువు వరుసలు పుట్టి తెర స్తంభిస్తుంది. ఆ జాబితాను అన్‌గ్రూప్ నోడ్‌కు ఇస్తే అక్షరానికొక వరుస వస్తుంది. చివరి కామా వల్ల ఖాళీ వరుస ఏదైనా మిగిలితే తీసేయండి. ఈ మూడు నోడ్లూ మీకు మళ్లీ మళ్లీ కావలసి వస్తాయి, ఒక కాంపొనెంట్‌గా చుట్టి పేరు పెట్టి దాచుకోండి. పేరు తెలుగులోనే రాయవచ్చు.

ఇక రూల్ ఇంజిన్‌లో తెరిచేదానికి 1, మూసేదానికి −1. మొత్తం కూడితే మొదటి జవాబు. రెండోదానికి మూవింగ్ అగ్రిగేషన్‌లో సంచిత కూడిక, −1 ఉన్న వరుసలే మిగిలేలా రో ఫిల్టర్, వాటి వరుస సంఖ్యల్లో కనిష్ఠం. ()()) అన్న ఉదాహరణకు కూడిక 1, 0, 1, 0, −1 అని నడుస్తుంది, జవాబు 5. మీకు 4 వచ్చిందా? అయితే వరుస సంఖ్యను మ్యాథ్ ఫార్ములా నుంచి తీసుకున్నారన్నమాట. అది సున్నా నుంచి లెక్కిస్తుంది. కౌంటర్ జనరేషన్ నోడ్‌లో 1 నుంచి మొదలుపెట్టమంటే గొడవ ఉండదు.

జతలు కావాలంటే

2020 మొదటి పజిల్: జాబితాలో ఏ రెండు అంకెలు కూడితే 2020 వస్తుందో కనిపెట్టి, వాటిని గుణించాలి. క్రాస్ జాయినర్ నోడ్ ప్రతి అంకెనూ ప్రతి అంకెతో జత చేస్తుంది. 200 అంకెలకు 40,000 జతలు, లాప్‌టాప్‌కు లెక్కే కాదు. రెండో భాగంలో మూడు అంకెలు కావాలంటారు, అప్పుడు 80 లక్షల వరుసలు. నడుస్తుంది, కానీ మూలుగుతూ నడుస్తుంది. అందుకే రెండో క్రాస్ జాయినర్‌కు ముందే, కూడిక 2020 దాటిన జతలను రో ఫిల్టర్‌తో తీసేయండి. మొదటి అంకె వరుస సంఖ్య రెండోదానికన్నా తక్కువ ఉన్న జతలనే ఉంచితే మిగిలినవీ సగం తగ్గుతాయి, ఒకే అంకె తనతో తానే జతకట్టే తప్పూ ఉండదు.

గళ్ల పటాలు

చాలామంది భయపడి వదిలేసేవి ఇవి. నైమ్ అందంగా పనిచేసేదీ వీటి మీదే. 2021 తొమ్మిదో రోజు పజిల్‌లో గడికొక ఎత్తు చొప్పున అంకెల పటం ఇస్తారు. నాలుగు వైపులా ఉన్న గళ్లన్నిటికన్నా పల్లంగా ఉన్న గళ్లేవో కనిపెట్టి, వాటి ఎత్తులకు ఒక్కొక్కటి కలిపి కూడాలి.

పటాన్ని పటంలా చూడటం మానండి. ఒక్కో గడిని ఒక్కో వరుసగా, మూడు నిలువు వరుసల పట్టికలో పెట్టండి: అడ్డం ఎంత, నిలువు ఎంత, ఎత్తు ఎంత. అక్షరాలను విడగొట్టిన కాంపొనెంట్ ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. ఇందాక చిక్కు తెచ్చిన సున్నా లెక్క ఇప్పుడు మనవైపు ఉంటుంది: మ్యాథ్ ఫార్ములా ఇచ్చే వరుస సంఖ్యను పటం వెడల్పుతో భాగిస్తే భాగఫలం నిలువు స్థానం, శేషం అడ్డం స్థానం.

తర్వాత టేబుల్ క్రియేటర్‌లో నాలుగు దిక్కులు రాయండి. ఎడమకు అడ్డంలో −1, కుడికి +1, పైకి నిలువులో −1, కిందికి +1. పటాన్ని ఈ దిక్కుల పట్టికతో క్రాస్ జాయినర్‌లో కలిపితే ప్రతి గడికీ నాలుగు వరుసలు వస్తాయి. దిక్కును స్థానానికి కూడితే పొరుగు గడి చిరునామా. ఆ చిరునామాతో జాయినర్ నోడ్‌లో మళ్లీ అదే పటాన్ని కలపండి, పొరుగువారి ఎత్తు పక్కనే వచ్చి కూర్చుంటుంది. అంచున ఉన్న గళ్లకు బయటివైపు పొరుగు దొరకదు కాబట్టి ఆ వరుసలు వాటంతట అవే రాలిపోతాయి. కోడ్ రాసేవారు ఈ అంచుల కోసం ప్రత్యేకంగా షరతులు రాసుకుంటారు. మనకు ఆ బాధ లేదు. చివరగా గ్రూప్‌బైలో గడికొక కనిష్ఠ పొరుగు ఎత్తు తీసి, సొంత ఎత్తు దానికన్నా తక్కువ ఉన్నవాటిని ఉంచండి. ఎనిమిది దిక్కులు అడిగే పజిల్ వస్తే దిక్కుల పట్టికలో ఇంకో నాలుగు వరుసలు చేర్చడమే.

లూప్ తప్పనిసరైనప్పుడు

నిన్నటి ఫలితం మీద ఇవాళ్టి లెక్క ఆధారపడితే లూప్, అంటే అవే నోడ్లను పదేపదే నడిపే ఏర్పాటు, కావాలి. 2021 ఆరో రోజు చేపల పజిల్ దీనికి మంచి ఉదాహరణ. ప్రతి చేపకూ ఒక గడియ అంకె ఉంటుంది, రోజుకొకటి తగ్గుతుంది. సున్నా తర్వాత అది 6కు తిరిగి వెళ్తుంది, 8తో ఒక కొత్త చేప పుడుతుంది. ఉదాహరణలో ఐదు చేపలు 80 రోజులకు 5,934 అవుతాయి. రెండో భాగంలో 256 రోజులు అడుగుతారు, అప్పుడు 26,984,457,539, అంటే 2,698 కోట్ల పైచిలుకు. చేపకొక వరుస పెట్టినవారి కంప్యూటర్ అక్కడ చేతులెత్తేస్తుంది.

మార్గం మళ్లీ గుంపు కట్టడమే. ఒకే అంకె ఉన్న చేపలన్నీ ఒకేలా ప్రవర్తిస్తాయి కాబట్టి 0 నుంచి 8 వరకు తొమ్మిది వరుసలు, పక్కన ఎన్ని చేపలో ఒక నిలువు వరుస చాలు. రికర్సివ్ లూప్ స్టార్ట్ తర్వాత మ్యాథ్ ఫార్ములాతో అంకెను ఒకటి తగ్గించండి. −1 అయిన వరుసను రెండుగా తీసి, ఒకదానికి 6, ఇంకోదానికి 8 ఇవ్వండి. కాంకాటినేట్‌తో మిగతావాటికి చేర్చి, గ్రూప్‌బైలో అంకెల ప్రకారం చేపలను కూడండి. రికర్సివ్ లూప్ ఎండ్‌కు రెండు ద్వారాలుంటాయి. పైది ఫలితాన్ని సేకరిస్తుంది, కిందిది పట్టికను తిరిగి మొదటికి పంపుతుంది. గ్రూప్‌బై నుంచి రెండింటికీ గీత కలపండి. గరిష్ఠ ఆవృత్తులు 256 అని, చివరి ఆవృత్తి డేటా మాత్రమే కావాలని చెప్పండి.

ఒక హెచ్చరిక. మామూలు పూర్ణాంకం నిలువు వరుసలో 2,147,483,647 దాటి పట్టదు, సుమారు 214 కోట్లు. చేపల సంఖ్య నిలువు వరుసను మొదటి నుంచే ఇంకా పెద్ద అంకెలు పట్టే లాంగ్ రకంగా పెట్టుకోండి. వేరే పజిళ్లలోనూ ఉదాహరణకు సరైన జవాబు వచ్చి అసలు డేటాకు వింత అంకె వస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

లూప్‌ను చివరి ఆయుధంగానే ఉంచుకోండి. ప్రతి ఆవృత్తికీ నోడ్లన్నీ మళ్లీ నడుస్తాయి కాబట్టి నైమ్‌లో లూపులు నెమ్మది. అతి తక్కువ దూరపు దారి వెతికే పజిళ్లు, తనను తానే పిలుచుకునే లెక్కలు వచ్చినప్పుడు కోడ్ రాయడానికి వీలిచ్చే పైథాన్ స్క్రిప్ట్ నోడో, జావా స్నిప్పెట్ నోడో ఒకటి మధ్యలో పెట్టుకోవడం నాకు అభ్యంతరకరంగా తోచదు. ఒకే వర్క్‌ఫ్లోలో అలాంటివి నాలుగైదు చేరితే మాత్రం బొమ్మ గీస్తున్నామన్న భ్రమ ఎందుకు, నేరుగా పైథాన్‌లోనే రాసుకోవచ్చు.

జవాబు పెట్టేటప్పుడు, పంచుకునేటప్పుడు

తప్పు జవాబు ఇస్తే మళ్లీ ప్రయత్నించడానికి కాసేపు ఆగాల్సి వస్తుంది. కొన్నిసార్లు ‘ఎక్కువైంది’ అనో ‘తక్కువైంది’ అనో సూచన ఇస్తారు, దాన్ని రాసి పెట్టుకోండి. మీ స్నేహితులతో కలిసి ప్రైవేట్ లీడర్‌బోర్డు (మీలో ఎవరు ముందున్నారో చూపే పట్టిక) పెట్టుకునే వీలుంది. ఒకరు ఆదోని నుంచి, ఒకరు నంద్యాల నుంచి చేరినా చాలు, సాయంత్రాలకు కబుర్లు దొరుకుతాయి.

పజిల్ పాఠాన్ని, మీకిచ్చిన డేటాను బహిరంగంగా పెట్టవద్దని ఎరిక్ వాస్ట్ల్ కోరుతారు. వర్క్‌ఫ్లో పంచుకోవడానికి అడ్డు లేదు. కానీ నడిపిన వర్క్‌ఫ్లోను అలాగే ఎగుమతి చేస్తే నోడ్లలోని పట్టికలు కూడా దానితోపాటే వెళ్లిపోతాయి. ఎగుమతి చేసేచోట ముందుగా రీసెట్ చేయమనే టిక్ ఉంటుంది, అది పెట్టండి. టేబుల్ క్రియేటర్‌లో వేసినది రీసెట్‌తో పోదు. అందుకని అందులో పజిల్‌లోని ఉదాహరణను కూడా తీసేసి, మీరు సొంతంగా అల్లిన నాలుగు అంకెలు వేసి పంపండి. అసలు డేటా ఫైలును వర్క్‌ఫ్లో ఫోల్డరు బయటే ఉంచుకోండి.